పరుగు విద్య: తిరుత్తణి, తిరువళ్ళూరు సీమల తెలుగు పాఠశాలలకు తగిన శిక్షణ విధానము

ప్రస్తావన

నడక నేర్చిన ప్రతి శిశువును పరుగెత్తుటను తనంతట తానే నేర్చుకొనును. అందుచేత పరుగునకు గురువక్కరలేదని లోకమున నొక భావము కలదు. సంగీతమునకు గురువు కావలెను. గణితమునకు గురువు కావలెను. ఈతకు సయితము ఒడ్డున నిలిచి చెప్పువాడొకడు కావలెను. పరుగునకు మాత్రము బలమైన కాళ్ళున్న చాలునని పెద్దలు తలంతురు. మైదానములందు మరియొక భావము వేళ్ళూనియున్నది. ఎంత యెక్కువగా పరుగెత్తించిన నంత వేగము వచ్చునని, పిల్లవాడు రొప్పుచు కూలబడినప్పుడే శిక్షణము ఫలించినదని పలువురు నమ్ముదురు. మొదటి భావము గురువును అనవసరునిగా చేయుచున్నది. రెండవది పిల్లవానిని గాయపరచుచున్నది.

వేగము కొంతవరకు పుట్టుకతో వచ్చునది. కాని దానిని నిలుపుకొనుటయు, పెంచుకొనుటయు విద్యవలననే సాధ్యమగును. ఆ విద్యకు మూలసూత్ర మొక్కటే: వేగము అలసటయందు పుట్టదు. విశ్రాంతి పొందిన దేహము, తక్కువ దూరమును, పూర్తి వేగముతో, సరియైన తీరున పరుగెత్తినప్పుడే వేగము పెరుగును. ఆంగ్లమున స్ప్రింటు అని పిలువబడు స్వల్పదూరపు పరుగులకు ఈ సూత్రమెట్లు వర్తించునో వివరించి, తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతముల తెలుగు పాఠశాలల పరిస్థితులకు దాని నెట్లు అన్వయించుకొనవచ్చునో చూపుటయే ఈ వ్యాసమునకు లక్ష్యము.

సీమయు దాని వ్యాయామ సంప్రదాయమును

తిరుత్తణి ప్రాంతము 1960వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము ఆంధ్రప్రదేశమునందలి చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కరు మధ్యవర్తిత్వమును పురస్కరించుకొని 1959లో వెలువడిన సరిహద్దు మార్పుల చట్టమువలన నది నాటి మద్రాసు రాష్ట్రమున చేరెను. నేడది తిరువళ్ళూరు జిల్లాలోని భాగము. రాష్ట్రము మారినను ఇంటిభాష మారలేదు. తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట మున్నగు చోట్ల తెలుగు మాటలాడు కుటుంబములు నేటికిని పెక్కు గలవు. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో జన్మించిన తిరుత్తణి విద్యకు పేరుగాంచినది. వ్యాయామ విద్యకును ఈ సీమ దూరమైనది కాదు.

తెలుగువారిలో మల్లవిద్యకు, బలప్రదర్శనములకు ప్రసిద్ధుడైన కోడి రామమూర్తి నాయుడు మద్రాసు చెంతనున్న సైదాపేటలో వ్యాయామ శిక్షణము పొంది, పిమ్మట విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసెను. హారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు 1920లో మద్రాసున నెలకొల్పిన వై. ఎం. సి. ఏ. వ్యాయామ విద్యాలయము ఆసియాఖండమున నట్టివానిలో మొదటిదిగా ప్రసిద్ధి కెక్కినది. తిరుత్తణినుండి గాని తిరువళ్ళూరునుండి గాని రైలెక్కిన విద్యార్థి ఒక పూటలోపలనే చేరగల దూరమున నీ సంప్రదాయము వెలసినది.

ఆ సంప్రదాయము మనకిచ్చిన వాడు డ్రిల్లు మాస్టరు. వరుసలో నిలుచుట, ఒక్క అడుగుగా నడచుట, ఈల విని ఆగుట అను క్రమశిక్షణమును అతడు నేర్పెను. దానిని తక్కువ చేయరాదు. కాని డ్రిల్లు అందరి అడుగులను ఒక్కటిగా చేయు విద్య. స్వల్పదూరపు పరుగు ఒక్కొక్కని అడుగును వేరువేరుగా చూడవలసిన విద్య. నలువదిమందిని ఒక్కసారిగా మైదానము చుట్టును పది చుట్లు పరుగెత్తించుట డ్రిల్లునుండి వచ్చిన అలవాటు. దానివలన ఓర్పు పెరుగవచ్చును గాని వేగము పెరుగదు. ఈ భేదమును గ్రహించుటతో శిక్షణము ప్రారంభమగును.

నూరు మీటర్ల పరుగు స్వరూపము

చూచువారికి నూరు మీటర్ల పందెము ఒక్క ఉదుటున ముగిసిపోవునట్లు తోచును. నిజమునకందు నాలుగు దశలు కలవు: ధ్వని విని కదలుట, వేగమును కూడబెట్టుట, పరమవేగమున సాగుట, ఆ వేగము తరిగిపోకుండ కాపాడుకొనుట.

2009వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన బెర్లిను నగరమున ఉసేన్ బోల్టు 100 మీటర్లను 9.58 సెకనులలో పరుగెత్తెను. ఆ పరుగును 20 మీటర్ల భాగములుగా విభజించి చూచినచో మొదటి భాగమునకు 2.89, రెండవదానికి 1.75, మూడవదానికి 1.67, నాలుగవదానికి 1.61, తుదిదానికి 1.66 సెకనులు పట్టినవి. ఈ అంకెలు రెండు పాఠములు చెప్పుచున్నవి. లోకములో నందరికంటె వేగవంతుడు సయితము తన పరమవేగమును చేరుటకు 60 మీటర్లు దాటవలసి వచ్చెను. అతడు సయితము తుది 20 మీటర్లలో కొంచెము నెమ్మదించెను. చివర దూసుకొనిపోవుచున్నట్లు కనబడువాడు నిజముగా వేగము హెచ్చించుకొనుట లేదు. తక్కినవారికంటె తక్కువగా నెమ్మదించుచున్నాడు.

పండ్రెండు, పదమూడేండ్ల పిల్లలు 30 లేక 40 మీటర్లలోనే తమ పరమవేగమును చేరుదురు. అందుచేత వారికి ప్రతిదినము నూరు మీటర్లు పరుగెత్తించుటవలన ఎక్కువ ప్రయోజనము లేదు. మొదటి 30 మీటర్లను చక్కగా నేర్పి, తరువాత దేహమును బిగబట్టక సాగుటను నేర్పినయెడల నూరు మీటర్ల పరుగు తనంతట అమరును.

అలసట యెందులకు శత్రువు

కండరములు పనిచేయుటకు శక్తి కావలెను. పరమవేగపు పరుగునకు ముఖ్యముగా నుపయోగపడునది కండరములలో ముందే నిలువయున్న ఏ.టి.పి., క్రియాటిన్ ఫాస్ఫేటు అను పదార్థములనుండి లభించు శక్తి. ఈ నిలువ కొలది సెకనులకు మాత్రమే చాలును. ఇంటిలోని చిన్న కుండ నీటివంటిది. త్వరగా వంపుకొనవచ్చును గాని మరల నిండుటకు కొన్ని నిమిషములు పట్టును. కుండ నిండకమునుపే మరల పరుగెత్తించినచో దేహము మరియొక మార్గమున శక్తిని తీసుకొనును. అప్పుడు కాళ్ళు బరువెక్కును, అడుగు పొట్టియగును, తీరు చెడును. తీరు చెడిన పరుగును పదిసార్లు చేసినచో, ఆ చెడు తీరే దేహమునకు అలవాటగును.

ఇందువలననే శిక్షకులలో నొక సులభమైన లెక్క వాడుకలోనున్నది: పూర్తి వేగముతో పరుగెత్తిన ప్రతి 10 మీటర్లకు సుమారొక నిమిషము విశ్రాంతి. 30 మీటర్లు పరుగెత్తినవానికి మూడు నిమిషములు; 60 మీటర్లు పరుగెత్తినవానికి ఆరు నిమిషములు. మూడు నిమిషములు ఊరక నడచుచున్న పిల్లవానిని చూచి, వాడు సోమరియై యున్నాడని ప్రధానోపాధ్యాయునకో తలిదండ్రులకో తోచవచ్చును. ఆ విశ్రాంతియు శిక్షణములోని భాగమేయని వారికి ముందుగా తెలియజెప్పుట మంచిది.

వేగము కాళ్ళను త్వరగా ఆడించుటవలన వచ్చునను భ్రమయు మనలో కలదు. 2000వ సంవత్సరములో అమెరికాలో పీటర్ వెయాండ్ మున్నగు పరిశోధకులు దీనిని పరీక్షించిరి. పరమవేగమున నున్నప్పుడు కాలిని గాలిలో ముందునకు తెచ్చుకొనుటకు పట్టు కాలము వేగవంతునకును మందునకును ఇంచుమించుగా సమానమేయని, వేగవంతుడు నేలను ఎక్కువ బలముతో తన్నుటయే భేదమునకు కారణమని వారు కనుగొనిరి. పాదము నేలను తాకియుండు కాలము సెకనులో పదియవవంతు మాత్రమే. మేటివారికి అంతకంటెను తక్కువ. ఆ స్వల్పకాలములో నేలను గట్టిగా త్రోయగల కాలే వేగమైన కాలు. కనుక కాలికి బలము చేకూర్చు గంతులు, కుప్పిగంతులు, మెట్లెక్కుట మొదలగునవి పరుగు శిక్షణములో నంతర్భాగములు.

ఆరంభము

1896లో ఏథెన్సు నగరమున జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్సులో థామస్ బర్కు అను అమెరికా యువకుడు చేతులు నేలకానించి, వంగి, పరుగు నారంభించి 100 మీటర్లను 12 సెకనులలో గెలిచెను. వంగి బయలుదేరుటలోని మర్మమేమనగా, దేహము ముందునకు ఒరిగియుండుటచేత త్రోపు పైకి పోక ముందునకు పోవును. నాటి పరుగెత్తువారు చిన్న తాపీతో ట్రాకుమీద గుంటలు త్రవ్వుకొని వానిలో పాదములుంచెడివారు. 1936లో బెర్లినున జెస్సీ ఓవెన్సు కూడ నట్లే చేసెను. స్టార్టింగు బ్లాకులను ఒలింపిక్సులో వాడుట 1948లో లండనులో మొదలైనది.

ఈ చరిత్ర పేద పాఠశాలకు ధైర్యము నిచ్చునది. బ్లాకులు లేవను కారణమున శిక్షణము ఆగనక్కరలేదు. తొలుత నిలుచుండి బయలుదేరుటను, పిమ్మట ఒక చేయి నేలకానించి బయలుదేరుటను, తుదకు రెండు చేతులానించి బయలుదేరుటను నేర్పవచ్చును. వెనుక కూర్చున్న తోటివాని పాదమే బ్లాకుగా పనిచేయును. జిల్లాస్థాయికి పోవునప్పటికి మాత్రము నిజమైన బ్లాకులమీద కొన్ని దినములైనను అలవాటు చేయించవలెను. ధ్వని వినిపించిన పిదప 0.1 సెకనుకంటె ముందుగా కదలినవాడు తొందరపడినట్లుగా అంతర్జాతీయ నిబంధనము లెక్కించును. 2010నుండి పెద్దల పందెములలో నొక్క తప్పునకే తొలగింపు శిక్షయైనది. కావున ధ్వనిని ఊహించి దూకుటగాక, విని దూకుటను బాల్యముననే అలవరచవలెను.

శిక్షణములో భాష

తెలుగు పాఠశాల బాలుని చెవిలో మైదానమున మూడు భాషలు పడుచుండును. ఇంట తెలుగు, వీధిలోను, జిల్లా జట్టులోను తమిళము, పందెపు గీతకడ ఆంగ్లము. 'ఆన్ యువర్ మార్క్స్', 'సెట్' అను మాటలు వినగానే ఏమి చేయవలెనో తెలియని బాలిక తన మొదటి పెద్ద పందెమున గీతకడనే ఓడిపోవును. ఆ రెండు ఆజ్ఞలను ఆంగ్లముననే, పందెములో వినబడు తీరుననే అభ్యాసము చేయించుట అవసరము. తమిళనాట క్రీడాభివృద్ధి ప్రాధికార సంస్థ నడుపు క్రీడావసతి గృహములలో చేరగోరు పిల్లలకు తమిళమున శిక్షకుని మాట గ్రహించు శక్తియు కావలెను.

కాని నేర్చుకొను దశలో మాట సూటిగా మనసునకు తాకవలెను. పరుగెత్తుచున్న పిల్లవానికి ఆలోచించు వ్యవధి లేదు. ఒక చిన్న మాట మాత్రమే వాని చెవిలో నిలుచును. ఆ మాట ఎట్టిదై యుండవలెనను విషయమున గాబ్రియేలే వుల్ఫ్ మొదలైనవారు 1990 దశకమునుండి విస్తారముగా పరిశోధించిరి. తన అవయవముమీద దృష్టి నిలుపుమని చెప్పుటకంటె, ఆ కదలికవలన బయట కలుగవలసిన ఫలితముమీద దృష్టి నిలుపుమని చెప్పుటయే మేలని ఆ పరిశోధనములలో నెక్కువగా తేలినది. 'మోకాలు చాపు' అనుటకంటె 'నేలను వెనక్కి తన్ను' అనుట మేలు.

ఇచ్చటనే ఇంటిభాషకు విలువ యేర్పడుచున్నది. మైదానమున నిట్టి సంభాషణము సహజముగా జరుగును.

"నేలను తన్నరా అబ్బాయ్, పాదం ఊరికే పెట్టొద్దు."

"ఎట్ల తన్నేది సార్?"

"బండి బురదలో దిగబడితే ఎట్ల తోస్తావు? అట్ల తొయ్యి."

బండిని త్రోయుట యెట్లో ఆ బాలునకు తెలియును. తల వంచి, ఒళ్ళు ముందునకు వాల్చి, కాలు వెనుకకు చాచి త్రోయుట వాడు చూచినదే, చేసినదే. మొదటి పది మీటర్లలో దేహముండవలసిన తీరు సరిగా నదియే. అట్లే పరమవేగమున సాగునప్పుడు 'కాలిన నేల మీద అడుగు వేసినట్లు' అన్నచో పాదము నేలను అంటి అంటనట్లు లేచును. వైశాఖమాసపు మధ్యాహ్నమున చెప్పులులేక నడచిన పిల్లలకు ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు. 'నెత్తిన బిందె ఉన్నట్లు' అన్నచో మెడ నిటారుగా నిలుచును. 'చేతిలో కోడిగుడ్డు ఉన్నట్లు' అన్నచో పిడికిలి బిగువు సడలి, దానితో భుజముల బిగువును సడలును. ఇట్టి పలుకులను ఆయా పాఠశాలల ఉపాధ్యాయులు కూర్చి, వ్రాసి యుంచుకొన్నయెడల అది పిల్లలకు మాత్రమేగాక భాషకును సేవయగును.

మైదానము, ఇసుక, మెట్లు

నాలుగువందల మీటర్ల ట్రాకు లేదను చింత పెక్కు పాఠశాలలకు కలదు. స్వల్పదూరపు పరుగుల శిక్షణమునకు 60 మీటర్ల తిన్నని నేలయు, దాని చివర ఆగుటకు మరియొక 20 మీటర్ల చోటును చాలును. రాళ్ళు, గాజుపెంకులు, ముళ్ళు ఏరివేసి, సున్నముతో రెండు మూడు దారులు గీసికొనవచ్చును. ఒక్కొక్క దారి వెడల్పు 1.22 మీటర్లు. గుంటలను పూడ్చుట సున్నపుగీతకంటె ముఖ్యము. మడమ మెలిపడిన పిల్లవానికి ఆ సంవత్సరపు పందెములు ముగిసినట్లే.

కుశస్థలి వంటి యేళ్ళ ఇసుకలో పరుగెత్తినచో కాళ్ళకు బలము వచ్చునని చెప్పుదురు. అది కొంత నిజము. అయినను ఇసుక పాదము క్రింద జారిపోవుటచే అడుగు మందగించును, పిక్కలకు బరువగును. వారమునకొక దినము, కొలది సేపు, గంతులు వేయుటకు ఇసుక మంచిది. వేగము నేర్చుకొనుటకు గట్టినేలయే తగినది.

తిరుత్తణి కొండమెట్లను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. సంవత్సరమునకు దినములెన్నియో మెట్లన్నియని, 365 అని ప్రసిద్ధి. అన్ని మెట్లను ఒక్క దమ్మున ఎక్కగలుగుట పరుగునకు గొప్ప సాధనయని యువకులు తలంచుట సహజము. ఎక్కుటలో తొడలకు బలము చేకూరుట నిజమే. కాని 365 మెట్ల నాపకుండ ఎక్కుట ఓర్పునకు సంబంధించిన పని. 15 లేక 20 మెట్లను పూర్తి బలముతో ఎక్కి, నెమ్మదిగా నడచి దిగి, మూడు నిమిషములు విశ్రమించి, అట్లు ఐదారుసార్లు చేయుట వేగమునకు సంబంధించిన పని. మెట్లు పరుగున దిగుట మాత్రము ఎన్నడును కూడదు. దిగునప్పుడే మోకాలిమీద, పిక్కలమీద దెబ్బయెక్కువ. జారిపడు అపాయమును అప్పుడే హెచ్చు. అదిగాక అది స్వామిసన్నిధికి పోవు త్రోవ. కావళ్ళు మోయు భక్తుల నడుమ పరుగులు తగవు. ఆడికృత్తిక మొదలగు ఉత్సవదినములలో ఆ ఆలోచనయే మానవలెను. ఏ పాఠశాలలోనైనను పది పదిహేను మెట్లుండకపోవు; శిక్షణమునకు అవియే చాలును.

ఎండ

ఈ సీమలో శిక్షకునకు ప్రధాన ప్రతివాది ఎండ. తిరుత్తణి తమిళనాట వేసవితాపమునకు పేరుపడిన ఊళ్ళలో నొకటి. కర్తరిదినములలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట ఇచ్చట అరుదు కాదు. పిల్లలు తమ యాటలో దాహమును మరతురు. పెద్దలవలె తమ నీరసమును ముందుగా చెప్పుకొనలేరు.

మార్చినుండి జూను వరకు ఉదయము ఏడు గంటలకు లోపల గాని, సాయంకాలము అయిదు గంటలు దాటిన పిదప గాని మాత్రమే మైదానమున దిగవలెను. కర్తరి మధ్యమున శిక్షణమును మానుటయే మంచిది. శిక్షణమునకు ముందును, నడుమను, తరువాతను నీరు త్రాగించవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మనకు పూర్వమునుండి తెలిసిన ఔషధమే. పరిగడుపున పరుగెత్తించరాదు. రాగి అంబలి, వేరుసెనగలు, కోడిగుడ్డు, పప్పు మొదలగునవి పేద ఇంటికిని అందుబాటులోనున్న ఆహారములు. మధ్యాహ్న భోజనము చేసిన రెండు గంటల వరకు పూర్తి వేగపు పరుగు తగదు.

తలతిరుగుట, వాంతి, మాట తడబడుట, ఒళ్ళు మిక్కిలి వేడెక్కుట అనునవి వడదెబ్బకు సూచనలు. అట్టి బిడ్డను వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలంతయు చల్లనినీటితో తడిపి, విసరుచు, 108 వాహనమును పిలువవలెను. వాహనము వచ్చువరకు చల్లబరచుట ఆపరాదు. దేహము ఎంత త్వరగా చల్లబడిన ప్రాణమునకు అంత రక్ష.

వారపు క్రమము

పండ్రెండు మొదలు పదునైదేండ్ల వరకు గల పిల్లలకు వారమునకు మూడు దినముల శిక్షణము చాలును. ప్రతిదినమును పదునైదు నిమిషముల సన్నాహముతో మొదలుకావలెను: మెల్లని పరుగు, కాళ్ళుచేతులు ఊపుట, మోకాళ్ళెత్తి నడచుట, క్రమముగా వేగము హెచ్చించుచు మూడు నాలుగు చిన్న పరుగులు.

మొదటి దినము ఆరంభమునకు. 20 మీటర్ల పరుగులు నాలుగు, 30 మీటర్ల పరుగులు మూడు, నడుమ రెండు మూడు నిమిషముల విశ్రాంతి. మొత్తము 170 మీటర్లు మాత్రమే. రెండవ దినము బలమునకు. ఒంటికాలి గంతులు, నిలుచున్నచోటినుండి ముందునకు దూకుట, మెట్లెక్కుట, నడుమునకు బలమిచ్చు వ్యాయామములు. మూడవ దినము పరమవేగమునకు. 20 మీటర్లు క్రమముగా వేగము కూడబెట్టి, తరువాతి 20 మీటర్లు పూర్తి వేగమున సాగుట. ఇట్లు నాలుగుసార్లు, నడుమ నాలుగైదు నిమిషములు. తక్కిన దినములలో చెడుగుడు, ఖోఖో మొదలగు ఆటలు ఆడనిచ్చుట మేలు. చప్పున తిరుగుట, తప్పించుకొనుట, తటాలున బయలుదేరుట ఈ ఆటలు ఉచితముగా నేర్పుచున్నవి.

ఎప్పుడు ఆపవలెనో చెప్పుటకు గడియారమే సాక్షి. ఒక బాలిక 30 మీటర్లను 4.8 సెకనులలో పరుగెత్తుచు, తగిన విశ్రాంతి పిదపను 5.0 సెకనులకు జారినచో ఆనాటికి చాలును. ఆమె ఇంకను పరుగెత్తగలనన్నను ఆపవలెను. తొడ వెనుకకండరమున చురుక్కుమన్నదని పిల్లవాడు చెప్పినచో ఆ దినమున మరియొక్క పరుగును కూడదు. 'ఓర్చుకో' యను మాట దూరపు పరుగునకు మందు కావచ్చును. స్వల్పదూరపు పరుగున అది కండరము చిట్లుటకు దారి.

నలుగురు కలిసి పరుగెత్తు రిలేను గూర్చి ఒక మాట. 4 × 100 మీటర్ల రిలేలో కర్ర మార్చుకొనుటకు 30 మీటర్ల చోటు కలదు. అందుకొనువాడు వెనుకకు చూడకుండ, పూర్తి వేగమునకు చేరుచు చేయి చాపవలెను. ఇచ్చువాడు కేక వేసి చేతిలో నుంచవలెను. ఇది అభ్యాసమువలన మాత్రమే వచ్చునది. విద్యార్థుల సంఖ్య తక్కువగానున్న తెలుగు పాఠశాలకు ఇది యొక అవకాశము: మెరికలైన నలుగురు లేకున్నను, కర్ర తడబడని నలుగురు పెద్ద పాఠశాలను ఓడింపగలరు. హర్డిల్సునకును ఖరీదైన సామగ్రి అక్కరలేదు. రెండు ఇటుకలమీద నిలిపిన వెదురుకర్ర ఆరంభమునకు చాలును.

తెలుగునాట దృష్టాంతములు

ఇటీవలి సంవత్సరములలో తెలుగునాట ఇట్టి శిక్షణము ఫలించిన దృష్టాంతములు కలవు. విశాఖపట్టణమున సామాన్య కుటుంబములో 1999లో జన్మించిన జ్యోతి యర్రాజి, పాఠశాల దశలో వ్యాయామోపాధ్యాయుని కంటబడి, హర్డిల్సు పరుగునకు మరలెను. 2002నుండి నిలిచియున్న 13.38 సెకనుల జాతీయ రికార్డును 2022 మే నెలలో సైప్రసునందు 13.23 సెకనులతో ఆమె అధిగమించెను. 2023లో దానిని 12.78 సెకనులకు తెచ్చెను. 2023లో బాంకాకునందును, 2025లో కొరియాలోని గుమి నగరమునందును ఆసియా ఛాంపియనుషిప్పులలో స్వర్ణపతకములు గెలిచెను. పాఠశాల మైదానమునుండి ఆ జాతీయ రికార్డు వరకు పట్టిన కాలమును లెక్కించినచో శిక్షణమునకు ఓపిక యెంత కావలెనో తెలియును.

వరంగల్లు ప్రాంతమునందలి కల్లెడ గ్రామమున జన్మించిన జీవంజి దీప్తి, బుద్ధివికాస లోపము గల క్రీడాకారుల విభాగమున 2024 మే నెలలో జపానునందలి కోబె నగరమున 400 మీటర్లను 55.07 సెకనులలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఆ సంవత్సరమే పారిసు పారాలింపిక్సున కాంస్యపతకము పొందెను. ఊరివారిచే హేళన కెరయైన బాలికలోని వేగమును పాఠశాల మైదానమే తొలుత గుర్తించెను. ఆమెను తీర్చిదిద్దిన నాగపురి రమేశు 2016లో ద్రోణాచార్య పురస్కారమును పొందిన శిక్షకుడు. ఏడు పరీక్షలు గల హెప్టాథ్లానులో అగసర నందిని 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడలలో కాంస్యమును, 2025లో గుమి నగరమున స్వర్ణమును గెలిచెను.

కేరళమునందలి పి. టి. ఉష చరిత్రయు ఇచ్చట స్మరింపదగినది. 1984లో లాస్ ఏంజెలెసునందు 400 మీటర్ల హర్డిల్సులో ఆమె 55.42 సెకనులలో గమ్యము చేరెను. కాంస్యము పొందిన రుమేనియా వనిత కాలము 55.41. సెకనులో నూరవ వంతున పతకము జారిపోయెను. గీతకడ రొమ్మును ముందునకు వంచి దూరుట యను చిన్న విద్య ఎంత విలువైనదో ఆ నూరవ వంతే చెప్పును. మన పిల్లలు గీతకడకు రాగానే నెమ్మదింతురు. గీత దాటిన అయిదు మీటర్ల దూరమున ఒక చెట్టునో కొయ్యనో గురిగా చూపి, 'అక్కడిదాకా' అని చెప్పినచో ఈ లోపము తీరును.

ఆపదలు

పండ్రెండవయేట జిల్లాలో ప్రథముడైన పిల్లవాడు పదునారవయేట మైదానమున కనబడకపోవుట మనమందరము చూచుచున్న విషయమే. దానికి హేతువులు పలువిధములు. గెలుచుచున్నాడు గదా యని ఒకే దినమున నూరు, ఇన్నూరు, నన్నూరు మీటర్లు, లాంగుజంపు, రిలే అన్నిటను దింపుట ఒకటి. పతకముకొరకు వయస్సు తగ్గించి చూపుట మరియొకటి. చిన్నవారిని ఓడించుటకు అలవడినవాడు తన యీడువారిని ఎదుర్కొనలేక చతికిలబడును, అతని చేతిలో ఓడిన నిజమైన చిన్నవాడు నిరాశచే మైదానము వీడును. బలము వచ్చునని తెలియని మాత్రలు, సూదులు వాడించుట అన్నిటికంటె ఘోరము. ఇక బాలికల విషయమున, ఈడు వచ్చినది గదా యని ఇంటివారు మాన్పించుట. తల్లితో ఒక్కమారు మర్యాదగా మాటలాడి, శిక్షణము ఏ వేళకు ముగియునో, బిడ్డ ఎవరితో ఇల్లు చేరునో చెప్పినచో పెక్కుమంది సమ్మతింతురు.

పరుగు పేద కుటుంబమునకు వట్టి ఆట మాత్రమే కాదు. రైల్వేలు, పోలీసు మొదలగు శాఖలలో క్రీడాకారులకు కొలువులు కలవు. కళాశాలలలో ప్రవేశములు కలవు. మగ్గము నేయు ఇంటనో, కూలికి పోవు ఇంటనో పుట్టిన బిడ్డకు వేగమైన కాళ్ళే ఆస్తి. తెలియక చేసిన శిక్షణము ఆ ఆస్తిని హరించును.

ఉపసంహారము

పైన చెప్పినదంతయు సంగ్రహించి చూచినచో పాఠశాలకు కావలసినవి మిక్కిలి స్వల్పము: అరువది మీటర్ల శుభ్రమైన నేల, ఒక గడియారము, కొంచెము సున్నము, త్రాగునీరు, వారమునకు మూడు గంటలు. వీనికంటె ముఖ్యముగా కావలసినది, పిల్లవానిని పరుగెత్తించుట యెప్పుడో, ఆపుట యెప్పుడో తెలిసిన ఉపాధ్యాయుడు. పరీక్షలు సమీపింపగానే వ్యాయామపు గంటను ఇతర పాఠములకు మరలించు అలవాటును ప్రధానోపాధ్యాయులు మానుకొనవలెను. సంఘములవారు ఏటేట పతకములు పంచుటతో తృప్తి పడక, ప్రతి పాఠశాలకును ఒక గడియారమును, ఒక జత బ్లాకులను, నాలుగు రిలే కర్రలను ఇచ్చినచో ఆ దానము చిరకాలము ఫలించును.

సరిహద్దులు మారినను, బడిలోని తెలుగు తరగతులు పలుచబడినను, తిరుత్తణి, తిరువళ్ళూరు సీమల పిల్లల కాళ్ళలోని చురుకు తరుగలేదు. దానిని తొందరపడి కాల్చివేయక, నిదానముగా, వారికి తెలిసిన మాటలతో పెంచుట పెద్దల విధి. ఆ విధి నెరవేరినచో ఈ సీమనుండియు జాతీయ పందెములలో పేరు వినబడు దినము దూరము కాదు.